రేడియో వ్యవస్థల అతుకులు ఎవరి చేతిలో?



మా మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు, ఏం మాట్లాడాలన్నది నా ఇష్టానికే వదిలారు. పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. మాస్టారు కమ్యూనికేషన్స్ పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద పెట్టెలు గీసి, వాటి మధ్య గీతలు లాగేవారు. మేమంతా పెట్టెల పేర్లు రాసుకోవడంలో మునిగిపోయేవాళ్లం. ఆయన మాత్రం గీతల దగ్గర ఆగేవారు. ఈ గీత మీద ఏం పోతుంది, ఏ క్రమంలో పోతుంది, ఇది తెగితే అటూ ఇటూ ఏమవుతుంది అని అడిగేవారు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ గీతల గురించే. పోలీసులు, అగ్నిమాపక దళాలు, అంబులెన్సులు, మెట్రో రైళ్లు వాడే డిజిటల్ ట్రంక్డ్ రేడియోలో ఏ భాగం దేనితో ఎలా కలుస్తుంది, ఆ కలిసే చోటు, అంటే అతుకు, ఎవరి అదుపులో ఉంటుంది అన్నది నా విషయం. ఉదాహరణగా టెట్రాను తీసుకుంటాను. అది యూరప్‌లో పుట్టిన ప్రమాణం. యూరోపియన్ ప్రమాణాల సంస్థ ఎట్సీ 1990ల మధ్యలో దాన్ని వెలువరించింది.

ముందుగా ఒక విషాదం గుర్తు చేయాలి. 2011 జులై 22న నార్వే రాజధాని ఓస్లోలో ప్రభుత్వ భవనాల దగ్గర బాంబు పేలి 8 మంది చనిపోయారు. బాంబు పెట్టినవాడే అదే సాయంత్రం ఉటోయా దీవిలో యువజన శిబిరానికి వెళ్లి 69 మందిని బలిగొన్నాడు. ఓస్లో పోలీసుల చేతుల్లో అప్పటికే నోడ్‌నెట్ అనే కొత్త టెట్రా నెట్‌వర్క్ సెట్లు ఉన్నాయి. దీవి ఉన్న జిల్లా పోలీసులు ఇంకా పాత అనలాగ్ రేడియోల మీదే ఉన్నారు. రాజధాని నుంచి పరుగున వచ్చిన ప్రత్యేక దళానికీ, దారి తెలిసిన స్థానిక పోలీసులకూ ఉమ్మడి రేడియో లేదు. మరుసటి ఏడాది ఆగస్టులో వచ్చిన విచారణ కమిషన్ నివేదిక పోలీసుల సమాచార వ్యవస్థలోని లోపాలను దాపరికం లేకుండా చెప్పింది. సెట్లు రెండు చోట్లా ఉన్నాయి. వాటిని కలిపే ఏర్పాటే లేదు.

ఇక వ్యవస్థలోకి వద్దాం. పాతకాలపు వైర్‌లెస్‌లో ఒక్కో శాఖకు ఒక్కో ఛానల్ రాసిచ్చేవారు. ట్రాఫిక్ వాళ్ల ఛానల్ ఖాళీగా ఉన్నా, శాంతిభద్రతల వాళ్లు తమ ఛానల్‌లో వంతు కోసం వేచి ఉండాల్సిందే. ట్రంకింగ్ అంటే ఛానళ్లన్నీ ఒకే రాశిలో పోసి, ఎవరికి అవసరమైతే వాళ్లకు, అవసరమైనంత సేపే ఇవ్వడం. దీని వెనకున్న లెక్క రేడియోది కాదు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిది. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రం అది. ఒక ఛానల్ గంటసేపు ఎడతెరిపి లేకుండా నిండి ఉంటే దాన్ని ఒక ఎర్లాంగ్ అంటాం. నాలుగు శాఖలున్నాయి, తలా 5 ఛానళ్లు ఉన్నాయి అనుకోండి. నూటికి రెండు కాల్స్‌కు మించి వెనక్కి పోకూడదంటే ఒక్కో శాఖ మోయగలిగేది 1.66 ఎర్లాంగ్‌లు, నాలుగూ కలిపి 6.6. అవే 20 ఛానళ్లను కలిపేయండి. ఇప్పుడు మోసే బరువు 13.2 ఎర్లాంగ్‌లు. తరంగాల్లో ఒక్క హెర్ట్జ్ అదనంగా కొనకుండానే రెట్టింపు పని జరిగింది. అయితే ఆ రాశి దగ్గర ఎవరో ఒకరు కూర్చుని క్షణక్షణం పంచాలి. ఆ పంపకం చేసే స్విచ్, అది చెప్పింది వినే బేస్ స్టేషన్లు, వాటిని అడిగే సెట్లు, వీటి మధ్య అతుకులు అన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి.

మొదటి అతుకు గాలిలో ఉంది. టెట్రాలో ఒక్కో క్యారియర్ వెడల్పు 25 కిలోహెర్ట్జ్. కాలాన్ని ముక్కలు చేసి, ఆ ఒక్క క్యారియర్ మీదే నాలుగు సంభాషణలు నడిపిస్తారు. ఒక్కో ముక్క, అంటే స్లాట్, 14 మిల్లీసెకన్లకు కొద్దిగా ఎక్కువ. నాలుగు ముక్కలు ఒక ఫ్రేమ్, 18 ఫ్రేములు కలిస్తే 1.02 సెకన్లు. ఇక్కడ నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపించే ఏర్పాటు ఒకటుంది. ప్రతి ముక్కలో 60 మిల్లీసెకన్ల మాటను కుదించి పెడతారు. దాంతో 17 ఫ్రేములకే 1.02 సెకన్ల మాట పూర్తయిపోతుంది, 18వ ఫ్రేమ్ ఖాళీగా మిగులుతుంది. మాట తెగకుండానే ఆ సందులోంచి సెట్‌కు కబుర్లు పంపుతారు. ఈ కుదింపు ఎంత గట్టిదంటే 30 మిల్లీసెకన్ల గొంతు 137 బిట్లలో ఇమిడిపోవాలి. మంటల మధ్య నిలబడి, ముఖానికి మాస్కు వేసుకుని అరిచే మనిషి గొంతును ఆ 137 బిట్లు మోయాలి.

బటన్ నొక్కగానే ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఖాళీగా ఉన్న సెట్ కంట్రోల్ ఛానల్‌ను వింటూ ఉంటుంది. అగ్నిమాపక ఉద్యోగి బటన్ నొక్కగానే, అడగడానికి బేస్ స్టేషన్ తెరిచిపెట్టిన చిన్న కాలఖండంలో సెట్ ఒక అర్జీ పంపుతుంది. నేను ఫలానా, ఫలానా గ్రూపుతో మాట్లాడాలి అన్నదే ఆ అర్జీ. అదే ఖండంలో మరో సెట్ కూడా అడిగితే రెండూ ఢీకొంటాయి, జవాబు రాదు, మళ్లీ ప్రయత్నిస్తాయి. అర్జీ అందితే బేస్ స్టేషన్ దాన్ని స్విచ్‌కు పంపుతుంది. ఆ గ్రూపు సభ్యులు ఆ నిమిషాన ఏయే టవర్ల కింద ఉన్నారో స్విచ్‌కు తెలుసు. ఆ టవర్లన్నింటిలో తలా ఒక స్లాట్ కేటాయిస్తుంది. సభ్యుల సెట్లన్నింటినీ ఆ స్లాట్‌కు రమ్మంటుంది. అడిగిన సెట్‌కు మాట్లాడమని అనుమతి ఇస్తుంది. సెట్ చిన్నగా బీప్ మంటుంది, మనిషి నోరు తెరుస్తాడు. ఇదంతా సుమారు 300 మిల్లీసెకన్లలో ముగియాలన్నది లక్ష్యం. ఎవరో ఒకరు అప్పుడే సొరంగంలోంచి బయటికొచ్చి ఉంటే, వారి సెట్‌ను కూడా స్విచ్ నడుస్తున్న కాల్‌లోకి లాగుతుంది. సెల్‌ఫోన్‌లో నంబరు నొక్కి, రింగు విని, అవతలివారు ఎత్తేదాకా ఆగే అలవాటున్న మనకు ఈ వేగం విలువ వెంటనే తట్టదు.

గాలిలోని ఈ అతుకును టెట్రా బిట్టు బిట్టుగా రాసిపెట్టింది. అందుకే ఒక కంపెనీ సెట్ మరో కంపెనీ నెట్‌వర్క్‌లో మాట్లాడుతుంది. రాసిపెట్టడంతో సరిపుచ్చుకోలేదు. 1994లో ఏర్పడిన టెట్రా సంఘం తరఫున ఇటలీ ప్రభుత్వ కమ్యూనికేషన్ల సంస్థ దగ్గరుండి పరీక్షలు చూసి, ఏ సెట్ ఏ నెట్‌వర్క్‌లో ఏ సదుపాయం వాడగలదో ధ్రువపత్రాలు ఇస్తూ వచ్చింది. టెట్రా లోకంలో సెట్ల మధ్య గట్టి పోటీ ఉందంటే కారణం ఈ పరీక్షలే. టవర్ లేని చోట సెట్ నుంచి సెట్‌కు నేరుగా మాట్లాడే పద్ధతికీ ప్రమాణం ఉంది. సెట్‌ను లాప్‌టాప్‌కో, వాహనంలోని తెరకో కలిపే తీగకూ ఉంది. ఆ తీగ మీద నడిచేవి పాత డయల్‌అప్ మోడెమ్‌ల కాలం నాటి ఏటీ ఆదేశాలే.

బేస్ స్టేషన్‌కూ స్విచ్‌కూ మధ్య ఉన్న గీతకు మాత్రం టెట్రా ప్రమాణం రాయలేదు. స్విచ్చులు, బేస్ స్టేషన్లు, నిర్వహణ కంప్యూటర్లు అన్నింటినీ కలిపి ఒకే పెద్ద పెట్టెగా గీసి, లోపల ఏ కంపెనీ ఏర్పాటు ఆ కంపెనీదే అని వదిలేసింది. అప్పట్లో దీనికి కారణం లేకపోలేదు. ఒకరు పెద్ద స్విచ్‌ను నడిమధ్య పెట్టారు, మరొకరు తెలివినంతా టవర్లకు పంచారు. అందరినీ ఒకే అచ్చులో పోసి ఉంటే ప్రమాణం ఇంకా ఆలస్యమయ్యేది. కానీ దాని ఫలితం ఈనాటికీ మోస్తున్నాం. ఒక కంపెనీ స్విచ్ కొన్న దేశం బేస్ స్టేషన్లు కూడా ఆ కంపెనీవే కొనాలి. వందలో వేలో టవర్లు నిలబెట్టాక వెనక్కి తిరగడం సాధ్యం కాదు. కంట్రోల్ రూమ్‌లోని డిస్పాచ్ కన్సోల్ పరిస్థితీ అంతే. అది స్విచ్‌తో మాట్లాడేది ఆ కంపెనీ సొంత పద్ధతిలో. స్విచ్ మారితే కన్సోల్ సాఫ్ట్‌వేర్, రికార్డర్, మ్యాపు తెర అన్నీ తిరగరాయాలి.

ఈ విషయంలో అమెరికా వాళ్ల ప్రాజెక్ట్ 25 కొంత మెరుగు. 1989లో మొదలైన ఆ ప్రయత్నంలో గాలి అతుకుతో పాటు కన్సోల్‌కు ఒకటి, స్థిర స్టేషన్లకు ఒకటి, రెండు వ్యవస్థల మధ్య ఒకటి అని అతుకులు విడిగా రాసుకున్నారు. అక్కడ ప్రతి కౌంటీ తన రేడియో తానే కొనుక్కుంటుంది, అందువల్ల అతుకుల బాధ వాళ్లకు ముందే తెలిసింది. కాగితం మీదున్న ఆ అతుకులన్నీ కంపెనీలు తయారుచేసి అమ్మేసరికి చాలా ఏళ్లు పట్టింది, అది వేరే కథ.

టవర్ నుంచి స్విచ్‌కు వెళ్లే ఆ గీత తెగినప్పుడు ఏమవుతుందో చెప్పాలి. మాస్టారి మూడో ప్రశ్న అదే కదా. బేస్ స్టేషన్ చచ్చిపోదు. తన కింద ఉన్న సెట్లను తానే కలుపుతూ స్థానికంగా పనిచేస్తుంది. వినడానికి బాగుంది, అపాయమూ అక్కడే ఉంది. ఆ టవర్ కింద ఉన్నవాళ్లకు పక్కవాళ్ల మాట వినిపిస్తుంది, కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకుంటారు. కంట్రోల్ రూమ్ మాత్రం వాళ్లకు వినపడదు. అందుకే టెట్రా బేస్ స్టేషన్ ఎడతెగకుండా ప్రసారం చేసే వివరాల్లో ఒక బిట్ ఉంటుంది, ఒకే ఒక బిట్. అది 1 అయితే వ్యవస్థంతా కలిసి ఉన్నట్టు, 0 అయితే ఈ టవర్ ప్రస్తుతం ఒంటరిదని. ఆ సున్నా చూసిన సెట్, అందుబాటులో ఉంటే మరో టవర్‌కు మారేలా తయారుచేయవచ్చు. లేదంటే తెర మీద చూపించి మనిషిని హెచ్చరించవచ్చు. కొనేటప్పుడు ఈ సున్నా మీ సెట్ తెర మీద ఎలా కనపడుతుందని అడగాల్సింది కొనేవాళ్లే.

2014 అక్టోబర్ 12న విశాఖపట్నం మీద హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు కరెంటు పోయి, సెల్‌ఫోన్లు మూగబోయి, ఊరికి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. టవర్ నిలబడినంత మాత్రాన నెట్‌వర్క్ నిలబడినట్టు కాదని తెలుసుకోవడానికి మన తీరప్రాంతం వాళ్లకు యూరప్ ఉదాహరణలు అక్కర్లేదు. కరెంటు, తీగ, మైక్రోవేవ్ డిష్, ఇవన్నీ అతుకులే.

ఇప్పుడు నార్వే దగ్గరికి మళ్లీ వెళ్దాం. నార్వే–స్వీడన్ సరిహద్దు 1,600 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, చాలా భాగం అడవులు, కొండలు. అటువైపు ప్రమాదం జరిగితే ఇటువైపు అంబులెన్సే దగ్గర. రెండు దేశాలకూ టెట్రా ఉంది. స్వీడన్ నెట్‌వర్క్ పేరు రాకెల్, నార్వేది నోడ్‌నెట్. రెండూ వేర్వేరు కంపెనీల వ్యవస్థలు. అంబులెన్స్ సరిహద్దు దాటగానే సెట్ మూగబోయేది. దీనికి మందుగా ప్రమాణంలో వ్యవస్థల మధ్య ఇంటర్‌ఫేస్ 1990ల నుంచీ ఉంది. ఆ దేశాలు రెండూ నిజంగా కలిసింది 2016లో. ఆ తర్వాత ఫిన్లండ్ నెట్‌వర్క్ విర్వే కూడా చేరింది.

ఎందుకింత ఆలస్యమైంది? ప్రతి టెట్రా సెట్‌కూ 48 బిట్ల గుర్తింపు ఉంటుంది. మొదటి 10 బిట్లు దేశం, తర్వాతి 14 నెట్‌వర్క్, మిగిలిన 24 ఆ సెట్. నార్వే సెట్ స్వీడన్ టవర్ కిందికి వస్తే, ఆ మొదటి బిట్లు చూసి స్వీడన్ స్విచ్ నార్వే స్విచ్‌ను వాకబు చేయాలి. ఈ సెట్ మీదేనా, నిజమైనదేనా, దీనికి ఏమేం అనుమతులున్నాయి అని. ఇంతవరకూ తేలికే. గ్రూప్ కాల్ దగ్గర చిక్కు మొదలవుతుంది. సభ్యుల్లో సగం అటు, సగం ఇటు ఉంటారు. రెండు స్విచ్చులూ తమ తమ టవర్లలో స్లాట్లు దొరికించుకోవాలి. ఒకవైపు దొరికి, ఇంకోవైపు దొరక్కపోతే కాల్ మొదలుపెట్టాలా, ఆగాలా? ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే ఎవరికి వంతు ఇవ్వాలో ఏ స్విచ్ తేల్చాలి? ఎమర్జెన్సీ బటన్ నొక్కితే ఆ కాల్ ఏ దేశపు కంట్రోల్ రూమ్‌కు పోవాలి? ప్రమాణంలో వీటికి జవాబులున్నాయి. కానీ చాలా చోట్ల ఇలా గానీ, అలా గానీ చేయవచ్చని ఉంటుంది. ఒక కంపెనీ ఇలా చేస్తుంది, మరొకటి అలా చేస్తుంది. ఇద్దరూ ప్రమాణం ప్రకారమే చేశారు, అయినా రెండు వ్యవస్థలు కలవవు. ఒక్కో మెలికా కూర్చుని విప్పాలి. అది ఇంజనీర్ల పని. దాని వెనక మరో పని ఉంది. సరిహద్దు ప్రమాదాలకు ఏ గ్రూపులు వాడాలో, ఎవరిని చేర్చాలో, రహస్య తాళాలు ఎవరి దగ్గర ఉంచాలో రెండు ప్రభుత్వాల పోలీసు, అగ్నిమాపక, వైద్య శాఖలు ఒప్పుకోవాలి. ఆ తర్వాత కింది ఉద్యోగి దాకా అందరికీ నేర్పాలి. తీగ కలపడం కన్నా మనుషులు కలవడానికే ఎక్కువ కాలం పడుతుందని వ్యవస్థలు నడిపిన ఎవరినడిగినా చెబుతారు. అయినా వాళ్లు చేసి చూపించారు. ఆ పనికి నేను ఎంతో గౌరవం ఇస్తాను.

రహస్యం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. సెట్ నుంచి టవర్ దాకా మాటకు తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, ఉంటుంది. ఆ తాళం నెట్‌వర్క్ వైపు చేరగానే తెరుచుకుంటుంది. ఆ పైన స్విచ్‌కు పోయే తీగ మీద రక్షణ విడిగా చూసుకోవాలి, లేదా సెట్ నుంచి సెట్ దాకా రెండో తాళం వేసుకోవాలి. ఈ సంగతి చాలామంది వాడకందారులకు తెలియదు. ఇక తాళాల తయారీని దశాబ్దాల పాటు గుట్టుగా ఉంచారు. 2023లో మిడ్‌నైట్ బ్లూ అనే డచ్ సంస్థ పరిశోధకులు అందులో టీఈఏ1 అనే తాళాన్ని విప్పి చూస్తే, పైకి 80 బిట్లని చెప్పిన తాళంచెవి లోపల 32 బిట్లకు కుంచించుకుపోతోందని బయటపడింది. ఆ ఏడాది చివర్లో ఎట్సీ తన అల్గారిథమ్‌లను బహిరంగం చేయాలని నిర్ణయించింది. ముందే చేయాల్సిన పని అది.

మూసిన పెట్టెకు ధర ఎంతో బ్రిటన్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడి అత్యవసర సేవల టెట్రా నెట్‌వర్క్ ఎయిర్‌వేవ్‌ను 2019 చివరికల్లా ఆపేసి, 4జీ మీద నడిచే కొత్త వ్యవస్థకు మారాలనుకున్నారు. కొత్తది సిద్ధం కాలేదు, పాతదాన్ని ఆపలేకపోయారు. ఆ నెట్‌వర్క్‌ను 2016 నుంచి మోటరోలా సొల్యూషన్స్ నడుపుతోంది. ప్రత్యామ్నాయం లేని చోట ధర ఎక్కువ వసూలవుతోందని తేల్చి, 2023లో ఆ దేశపు పోటీ నియంత్రణ సంస్థ దానికి పరిమితి పెట్టింది. ఆలస్యానికి కారణాలు అనేకం, అతుకులొక్కటే కాదు. కానీ కదలలేని స్థితిలో ఇరుక్కున్న కొనుగోలుదారు ఎలా ఉంటాడో అందులో కనపడుతుంది.

ఇప్పుడు అన్ని దేశాలూ 4జీ, 5జీల వైపు చూస్తున్నాయి. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ 2016లో పూర్తి చేసిన 13వ విడుదలలో, బటన్ నొక్కి మాట్లాడే అత్యవసర సేవకు ప్రమాణం వచ్చింది. కానీ ఒక్క రాత్రిలో ఎవరూ మారరు. ఏళ్ల తరబడి పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడవాలి, ఒకే గ్రూపులో సగం మంది టెట్రాలో, సగం మంది 4జీలో ఉండాలి. ఆ రెండింటినీ కలిపే అతుక్కూ ప్రమాణాలు రాస్తున్నారు. అందులో ఒక ముడి ఉంది. గొంతును కుదించే పద్ధతి రెండు చోట్లా వేరు. ఒకదాన్ని మరొకదానిలోకి మార్చాలంటే మధ్యలో మాటను విప్పాలి. విప్పితే సెట్ నుంచి సెట్ దాకా వేసిన తాళం అక్కడే తెగిపోతుంది. విప్పకూడదంటే కొత్త ఫోన్‌కు పాత కుదింపు నేర్పాలి. ఇలాంటివి టెండర్ రోజున ఎవరికీ గుర్తుకు రావు, నెట్‌వర్క్ ప్రారంభించిన మర్నాటి నుంచి రోజూ గుర్తుకొస్తాయి.

మన దేశంలో ఢిల్లీ మెట్రో టెట్రా వాడుతోంది, 2010 కామన్వెల్త్ క్రీడలకు ఢిల్లీలో టెట్రా నెట్‌వర్క్ ఏర్పాటు చేశారు. ఈ హాలులో కూర్చున్న విద్యార్థుల్లో కొందరు రేపు ఏదో ఒక మెట్రోకో, పోలీసు శాఖకో, ఓడరేవుకో ఇలాంటి వ్యవస్థ కొనే బల్లకు అటో ఇటో కూర్చుంటారు. వాళ్లకు నా విన్నపం. సెట్ ఎంత గట్టిది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అన్నవి ఎలాగూ అడుగుతారు. అతుకుల పేజీ ముందు రాయండి. కన్సోల్‌కూ స్విచ్‌కూ మధ్య నడిచే పద్ధతి పత్రాలు మన చేతికి రావాలని ఒప్పందంలోనే పెట్టండి. వేరే కంపెనీ సెట్లు తెప్పించి ఈ నెట్‌వర్క్‌లో మాట్లాడించి చూశాకే డబ్బు చెల్లించండి. నెట్‌వర్క్‌ను అప్పగించుకునే రోజున ఒక టవర్ తీగ మీ చేత్తో పీకి, సెట్ తెర మీద ఏం కనపడుతుందో చూడండి.

ఈ సభలో ఉన్న అధికారులకు మరో మాట. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బాసర, భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం దాకా ఒకే నది, రెండు రాష్ట్రాలు, లక్షలాది జనం. 2015 పుష్కరాల మొదటి రోజున రాజమహేంద్రవరం ఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాట ఎవరూ మరిచిపోలేదు. రెండు రాష్ట్రాల పోలీసు, అగ్నిమాపక, వైద్య శాఖలు ఏ రేడియోలు వాడుతున్నా సరే, సరిహద్దులో ఒక చోట కలిసి, అందరి సెట్లూ ఒకే గ్రూపులో మాట్లాడుకోగలవో లేదో పుష్కరాలకు కనీసం ఆరు నెలల ముందే పరీక్షించండి. కలవకపోతే సరిచేసుకోవడానికి ఆ ఆరు నెలలు కావాలి.